మధ్యాహ్నం రెండు రూపాయలు, పొద్దు వాలితే పది: మాలాంటి యూనిట్లకు కరెంటు ఫ్యూచర్స్ ఉపయోగపడతాయా?

భీమవరం_ఐసు
మాది భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్. కోల్డ్ స్టోరేజీ, ఐసు ప్లాంటు కూడా అదే ఆవరణలో ఉన్నాయండి. డిస్కం (పంపిణీ సంస్థ) కరెంటుతో పాటు ఓపెన్ యాక్సెస్ కింద, అంటే బయట నుంచి కొనుక్కునే వీలుతో, కరెంటు ఎక్స్ఛేంజీలో కూడా కొంటున్నాం. గత రెండు వేసవులుగా రేట్ల తీరు చూస్తుంటే మతిపోతోంది. మధ్యాహ్నం యూనిట్ రెండు రూపాయల చిల్లర ఉంటుంది, రాత్రి ఏడయ్యేసరికి సీలింగు, అంటే గరిష్ఠ పరిమితి, పది రూపాయలకు చేరుతుంది. నెలాఖరు బిల్లు వచ్చేదాకా ఎంత కట్టాలో తెలియదు, అదే టెన్షన్.

మొన్న ఒక బ్రోకర్ ఆఫీసు నుంచి మనిషి వచ్చి, ఫ్యూచర్స్ కొని వచ్చే నెల రేటు ఇప్పుడే కట్టేసుకోండి అన్నాడు. ఒక్కో ఒప్పందం, వాళ్ల భాషలో లాట్, 50 మెగావాట్ అవర్లు, అంటే 50 వేల యూనిట్లు. మా సగటు లోడు 1 మెగావాట్, నెలకు 720 మెగావాట్ అవర్లు, కాబట్టి 14 లాట్లు చాలట. కాగితం మీద బాగానే ఉంది. కానీ మనసు ఒప్పుకోవడం లేదు, ఎక్కడ తేడా ఉందో పట్టుకోలేకపోతున్నాను. తెలిసినవాళ్లు చెప్పండి.

కొత్త_ట్రేడర్
కరెంటుకు కూడా ఫ్యూచర్స్ ఉన్నాయా! ఎక్స్‌పైరీ రోజు డెలివరీ వస్తే ఎక్కడ దించుకోవాలి, డాబా మీదా?

సీఏ_శ్రీను
దించుకునే పని లేదు, డెలివరీ ఉండదు. సరుకుల ఎక్స్ఛేంజీ ఎంసీఎక్స్ 2025 జూలై 10న మొదలుపెట్టింది, కొద్ది రోజులకే స్టాక్ ఎక్స్ఛేంజీ ఎన్ఎస్ఈ కూడా తెచ్చింది. రెండింటిలోనూ డబ్బు తేడా చెల్లించడమే. డే అహెడ్ మార్కెట్‌లో (రేపటి కరెంటును ఇవ్వాళ కొనే చోటు) నెల మొత్తానికి వచ్చిన సగటు ధరతో సెటిల్ చేస్తారు. మీరు కొన్న రేటు కన్నా సగటు పెరిగితే డబ్బు వస్తుంది, తగ్గితే పోతుంది. మెగావాట్ అవర్‌కు రూపాయి కదిలితే లాట్‌కు 50 రూపాయలు.

ఇది ఇంత ఆలస్యంగా రావడానికి పాత తగాదా ఉంది. ఎంసీఎక్స్ 2009లోనే ప్రయత్నించింది. కరెంటు ఫ్యూచర్స్ విద్యుత్ నియంత్రణ సంఘం కిందికి వస్తాయా, సరుకుల మార్కెట్ నియంత్రణ కిందికి వస్తాయా అని కోర్టుకెక్కారు. 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు దగ్గర తేలింది. నిజంగా కరెంటు చేతులు మారే ఒప్పందాలు విద్యుత్ నియంత్రణ సంఘం సీఈఆర్‌సీకి, డబ్బుతో సెటిల్ అయ్యేవి మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీకి.

ఇందూరు_పసుపు
నాకు కరెంటు సంగతి అంతగా తెలవదు గానీ ఫ్యూచర్స్ తెలుసు. మా నిజామాబాద్ పసుపుకు వ్యవసాయ సరుకుల ఎక్స్ఛేంజీ ఎన్‌సీడీఈఎక్స్‌లో ఏండ్ల సంది నడుస్తున్నయి. రేటు లేదంటే గోదాములో పెడతాం, ఆరు నెలలు ఆగి అమ్ముతాం. దూరం నెల రేటు ఎంత ఉండాలె అంటే ఇవ్వాళ్టి రేటుకు గోదాము కిరాయి, వడ్డీ కలుపుకుంటే ఒక అందాజా వస్తది. కరెంటును ఏ బస్తాలో కట్టి పెడతరు? మరి ఆ అందాజా ఎట్ల వేస్తరు?

కరెంటోడు_రిటైర్డ్
పసుపు గారు అసలు ముడి పట్టుకున్నారు. దాచుకోలేని సరుకు కాబట్టి మే నెల కరెంటు, జూలై కరెంటు వేర్వేరు సరుకుల్లాంటివి. అంతెందుకు, ఒకే రోజు మధ్యాహ్నం పన్నెండు కరెంటు, రాత్రి ఎనిమిది కరెంటు కూడా వేర్వేరు సరుకులే. డే అహెడ్ మార్కెట్‌లో పావుగంటకో బ్లాకు, రోజుకు 96 బ్లాకులు, 96 ధరలు.

నేను డిస్కంలో చేరిన రోజుల్లో రాత్రి కరెంటు చవక. థర్మల్ యూనిట్లను ఆపలేం, రాత్రి వాడేవాళ్లు ఉండరు. అందుకే పొలాలకు రాత్రిపూట ఇచ్చేవాళ్లం, పాపం రైతులు పాములూ తేళ్ల మధ్య మోటార్లు వేసుకునేవాళ్లు. సోలార్ వచ్చాక అంతా తిరగబడింది. 2025 మొదట్లో దేశంలో సోలార్ లక్ష మెగావాట్లు దాటింది. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా అది కుమ్మరిస్తుంది. ఇంధనం ఖర్చు లేదు కాబట్టి ఎంతకైనా అమ్ముకుంటారు. 2025 మే నెలాఖరులో ఒక ఆదివారం, వానలు పడి వాడకం తగ్గిన రోజున, రియల్ టైమ్ మార్కెట్‌లో (అదే రోజు కరెంటును కొద్దిసేపటి ముందు కొనే చోటు) కొన్ని పగటి బ్లాకుల ధర సున్నాను తాకింది. అదే నెలలో సాయంత్రాలు ఖరీదుగానే ఉన్నాయి.

ఇప్పుడు ఐసు గారి కాంట్రాక్టు చూడండి. అది నెల మొత్తం సగటు మీద నడుస్తుంది. సగటులో మధ్యాహ్నం రెండు రూపాయలూ, రాత్రి పది రూపాయలూ కలిసిపోతాయి. మీరు ఏ గంటల్లో ఎంత కొంటున్నారో చెప్పకుండా 14 లాట్లు అని లెక్క వేయడం తప్పు. ముందు ఆ సంగతి చెప్పండి.

భీమవరం_ఐసు
మంచి ప్రశ్న అడిగారండి. షెడ్ల మీద సోలార్ ప్యానెళ్లు వేశాం, పగలు వాటితో, డిస్కం కరెంటుతో నడిచిపోతుంది. ఎక్స్ఛేంజీ నుంచి తీసుకునేది ఎక్కువగా సాయంత్రం ఆరు నుంచి అర్ధరాత్రి దాకానే. ఇది బ్రోకర్ మనిషి అడగలేదు, నేనూ చెప్పలేదు.

కరెంటోడు_రిటైర్డ్
అయితే ఒక్క లాటు కూడా కొనకండి. కనీసం ఈ చర్చ అయ్యేదాకా.

నాంపల్లి_కమోడిటీ
రిటైర్డ్ గారితో పూర్తిగా ఏకీభవించను. సగటు కాంట్రాక్టుకు అసలు ఉపయోగం లేదనడం అన్యాయం. ఎండలు మండి దేశమంతా ఏసీలు నడిస్తే పగలూ రాత్రీ రెండూ పెరుగుతాయి. 2024 మే 30న దేశ గరిష్ఠ డిమాండు 250 గిగావాట్లకు చేరింది, అలాంటి వారాల్లో సగటు పెరిగితే ఫ్యూచర్స్ కొన్నవాడికి డబ్బు వస్తుంది. వర్షాలు ముందే వచ్చి గాలిమరలు, జలవిద్యుత్తు అందుకుంటే రెండూ తగ్గుతాయి. పూర్తి రక్షణ కాకపోయినా సగం రక్షణ నయం కదా. పైగా పది రూపాయల సీలింగు ఉంది, సాయంత్రం ధర అంతకు మించి పోదు.

కరెంటోడు_రిటైర్డ్
సీలింగు మాట ఎత్తారు కాబట్టి చెప్తాను. ధర పది దగ్గర ఆగిందంటే కరెంటు సరిపడా ఉందని కాదు. అడిగేవాళ్లు ఎక్కువ, అమ్మేవాళ్లు తక్కువ అని. ఆ బ్లాకుల్లో పదికి బిడ్ వేసినా అడిగినంత దొరకదు. దొరకని మేరకు డిస్కం నుంచి తీసుకోవాలి, లేదా జనరేటర్ వేయాలి. డీజిల్ రేటు ఐసు గారికి నేను చెప్పక్కర్లేదు. ఫ్యూచర్స్ డబ్బులిస్తాయి, కరెంటివ్వవు.

సీఏ_శ్రీను
నాంపల్లి అన్న చెప్పిన సగం రక్షణ ఎప్పుడు తిరగబడుతుందో అంకెలతో చూద్దాం. అంకెలు ఊహించి వేసినవే, సాదా సగటు తీశాను.

మీరు కొనే రోజున మార్కెట్ అంచనా ఇలా ఉందనుకోండి: ఎండ ఉన్న 8 గంటలు 3 రూపాయలు, సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా 6 గంటలు 8 రూపాయలు, మిగతా 10 గంటలు 4.20. సగటు 4.75. ఆ రేటుకు 14 లాట్లు కొన్నారు.

నెల తిరిగేసరికి సోలార్ బాగా వచ్చింది, పగలు 1.50కి పడింది. సాయంత్రం మాత్రం 9కి ఎక్కింది. మిగతా గంటలు మారలేదు. సగటు 4.50. లాట్‌కు 12,500 చొప్పున ఫ్యూచర్స్‌లో పోయింది 1,75,000. సాయంత్రం ఆరు గంటలూ 1 మెగావాట్ చొప్పున నెలకు 1,80,000 యూనిట్లు, యూనిట్‌కు రూపాయి ఎక్కువ కట్టారు. మొత్తం దెబ్బ 3,55,000. ఫ్యూచర్స్ జోలికి వెళ్లకపోతే దెబ్బ సగమే.

డెల్టా_చెరువు
రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదేనండి.

నాంపల్లి_కమోడిటీ
శ్రీను గారూ, లెక్క సరిగ్గానే ఉంది. అయినా 14 లాట్లు కొనడం వల్ల వచ్చిన తప్పు అది. సాయంత్రం వాడకం 180 మెగావాట్ అవర్లు, మూడున్నర లాట్లు. అంత వరకే కొంటే ఫ్యూచర్స్ నష్టం 45 వేల లోపే. బ్రోకర్ ఎక్కువ లాట్లు అంటగట్టాడు, అది వాస్తవం. కాంట్రాక్టు మీద కోపం వద్దు.

సీఏ_శ్రీను
లాట్ల సంఖ్య విషయంలో ఒప్పుకుంటున్నాను. దిశ మాత్రం తప్పే. పగటి ధర పడటం, సాయంత్రం ధర ఎక్కడం ఒకే కారణంతో జరుగుతున్నాయి. పగలు రేటు లేక థర్మల్ యూనిట్లు కనిష్ఠానికి దించేస్తారు. పొద్దు గూకగానే అన్నీ ఒకేసారి ఎక్కాలి, అంత వేగంగా ఎక్కలేవు.

ఇంకొకటి. ఫ్యూచర్స్‌లో రోజూ మార్క్ టు మార్కెట్, అంటే ఆ రోజు రేటుతో లాభనష్టాల లెక్క, ఉంటుంది. బిల్లు నెలాఖరుకు వస్తుంది, మార్జిన్ కాల్ (పూచీ సొమ్ము కట్టమనే పిలుపు) మాత్రం ఈ సాయంత్రమే వస్తుంది. సీజన్‌లో రొయ్యలు కొనడానికి పెట్టుకున్న డబ్బు అందులో ఇరుక్కుంటే కష్టం. వీలింగు ఛార్జీలు (డిస్కం తీగలు వాడినందుకు), బయట కొన్నందుకు డిస్కంకు కట్టే క్రాస్ సబ్సిడీ సర్‌ఛార్జి కూడా ధర దెబ్బ నుంచి కాచుకునే ఈ హెడ్జింగ్‌లోకి రావు.

అనంత_గాలిమర
నేను అవతలి ఒడ్డు నుంచి మాట్లాడుతున్నాను. అనంతపురం వైపు మాకు సోలార్, గాలి రెండూ ఉన్నాయి. ఎక్కువ భాగం పాతికేళ్ల పీపీఏలోనే (కరెంటు కొనుగోలు ఒప్పందం) ఉంది, కొంత మాత్రం ఎక్స్ఛేంజీలో అమ్ముతాం. అమ్మే మాకు ఫ్యూచర్స్ అమ్ముకుని ధర కట్టేసుకోవడం సహజం. కానీ మా ప్యానెళ్లు అమ్మేది ఎండ ఉన్నప్పుడే. అప్పుడు దేశంలో ప్రతి ప్యానెలూ అమ్ముతోంది. మార్కెట్ సగటు నాలుగున్నర ఉన్నా మాకు ముట్టేది దానికన్నా చాలా తక్కువ. మా ధరను మేమే పడగొట్టుకుంటున్నాం.

శ్రీను గారి లెక్క మాకు తిప్పి వేయండి. సాయంత్రం ధరలు బాగా ఎక్కి సగటు పెరిగిందనుకోండి, మేము అమ్మిన ఫ్యూచర్స్‌లో నష్టం. పగటి ధర అదే నెలలో పడింది, సరుకులోనూ నష్టం. గాలిమరలది కొంచెం మెరుగు, వానాకాలంలో రాత్రిళ్లు కూడా తిరుగుతాయి. కానీ అవి తిరిగే నెలల్లోనే నెల సగటు దిగుతుంది.

కొత్త_ట్రేడర్
కొనేవాడికీ నష్టం, అమ్మేవాడికీ నష్టం. మరి లాభం ఎవరికి?

అనంత_గాలిమర
24 గంటలూ ఒకే తీరున వాడేవాడికీ, ఒకే తీరున తయారుచేసేవాడికీ ఇది బాగా కుదురుతుంది. థర్మల్ ప్లాంటు, స్పిన్నింగు మిల్లు, ఫెర్రో అల్లాయ్స్ లాంటివి.

లైప్‌జిగ్_రావు
యూరప్‌లో ఈ కథ పది పదిహేనేళ్ల ముందే మొదలైంది. నేను జర్మనీలో ఒక ట్రేడింగ్ డెస్కులో పనిచేస్తున్నాను, మా ఊళ్లోనే ఈఈఎక్స్ అనే కరెంటు ఎక్స్ఛేంజీ ఉంది. ఇక్కడ రెండు రకాల కాంట్రాక్టులు. బేస్ అంటే 24 గంటలూ. పీక్ అంటే పనిదినాల్లో పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా. ఫ్యాక్టరీలు నడిచే వేళ కాబట్టి పీక్ ఎప్పుడూ ఖరీదు అని ఆ రోజుల్లో పెట్టుకున్నారు. ఇప్పుడు సోలార్ సరిగ్గా ఆ పన్నెండు గంటల నడుమ వచ్చి కూర్చుంది. దాంతో వేసవి నెలల పీక్ కాంట్రాక్టు బేస్ కన్నా తక్కువ ధరకు నడవడం మామూలైపోయింది. నేను చేరిన కొత్తలో స్క్రీన్ మీద అది చూసి డేటా తప్పు వచ్చిందనుకున్నాను.

ఇక్కడ ధర సున్నా దగ్గర కూడా ఆగదు, మైనస్‌లోకి పోతుంది. జర్మనీలో మైనస్ ధర గంటలు 2023లో 301, 2024లో 457. అదే 2024 డిసెంబరు 12న గాలి లేదు, ఎండ లేదు, సాయంత్రం ఒక గంటకు మెగావాట్ అవర్ ధర 936 యూరోలు. ఇలాంటి ఏడాదికి ఒక సగటు చెప్పి ఎవరినైనా ఏం ఊరడిస్తాం?

గాలి పరిమాణం మీదే ఫ్యూచర్స్ కూడా 2016లో తెచ్చారు. గాలి తక్కువైతే ఒకరికి డబ్బు, ఎక్కువైతే ఇంకొకరికి. అనంత గారికి అలాంటిది పనికొస్తుంది.

హ్యూస్టన్_పద్మ
అనంత గారూ, టెక్సాస్‌లో జరిగింది మీరు తప్పక తెలుసుకోవాలి. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో మా ఇంట్లో మూడు రోజులు కరెంటు లేదు, పిల్లల్ని కారులో హీటరు వేసి కూర్చోబెట్టాను. ఆ రోజుల్లో టోకు ధర మెగావాట్ అవర్‌కు 9,000 డాలర్ల సీలింగు దగ్గర నిలబడింది. కొన్ని గాలిమరల కంపెనీలు బ్యాంకులతో ముందే హెడ్జ్ ఒప్పందాలు చేసుకున్నాయి, గంటకు ఇన్ని మెగావాట్లు ఇస్తామని. రెక్కలకు మంచు పట్టి మరలు ఆగిపోయాయి. ఇస్తామన్నది ఇవ్వాలంటే ఆ 9,000కు బయట కొనాలి. ధర తగ్గితే కాపాడుతుందని చేసుకున్న ఒప్పందమే మెడకు చుట్టుకుంది. గాలి ఎంత వస్తుందో చేతిలో లేనివాళ్లు ఇంత ఇస్తామని మాటివ్వడం ఎంత ప్రమాదమో అప్పుడు అర్థమైంది.

అనంత_గాలిమర
పద్మ గారూ, ఇది మా ఫైనాన్స్ వాళ్లకు చూపిస్తాను. మాకూ అలాంటి ప్రతిపాదనే ఒకటి బల్ల మీద ఉంది.

కొత్త_ట్రేడర్
నాకు యూనిట్ లేదు, గాలిమర లేదు. ఒక టెలిగ్రామ్ గ్రూపులో ఎండాకాలం వస్తోంది, కరెంటు ఫ్యూచర్స్ కొనేయండి అని టిప్ పెట్టారు. ఒక లాట్ మార్జిన్ పెట్టగలను.

లైప్‌జిగ్_రావు
వద్దు తమ్ముడూ. 2018 సెప్టెంబరులో నార్వేలో ఐనార్ ఆస్ అనే ట్రేడరు, ఆ మార్కెట్‌లో ఎంతో పేరున్న మనిషి, నార్డిక్ (నార్వే, స్వీడన్ వైపు) ధరకూ జర్మనీ ధరకూ మధ్య తేడా తగ్గుతుందని పెద్ద పందెం వేశాడు. అక్కడ వానల అంచనా వచ్చి జలవిద్యుత్తు ధర పడింది. ఇటు కార్బన్ ధర (కాలుష్యానికి కట్టాల్సిన సొమ్ము) పెరిగి జర్మనీ కరెంటు ఎక్కింది. తేడా ఒక్కసారిగా విచ్చుకుంది. ఆయన పోవడమే కాదు, నాస్‌డాక్ క్లియరింగు డిఫాల్ట్ ఫండులో (ఒకరు కట్టలేకపోతే వాడే ఉమ్మడి నిధి) మిగతా సభ్యులు పెట్టిన సొమ్ములోంచి 10.7 కోట్ల యూరోలు కరిగిపోయాయి. ఏళ్ల తరబడి వానా మంచూ లెక్కలే చూసుకున్న మనిషికి అది జరిగింది.

నాంపల్లి_కమోడిటీ
ఇది నేనూ చెప్తున్నాను, నా వ్యాపారమే ఇదైనా సరే. టిప్ చూసి కరెంటు కొనకు. ఎండాకాలం వస్తుందని మార్కెట్‌కూ తెలుసు, అది ధరలో ముందే ఉంటుంది. ఈసారి ఎండ అనుకున్నంత ఉంటుందా, వాన ముందు పడుతుందా అన్నదే మిగిలేది.

డెల్టా_చెరువు
మా చెరువుల సంగతి కూడా వినండి. పగలు నాచు వల్ల నీళ్లలో ఆక్సిజన్ బాగానే ఉంటుంది. రాత్రి పడిపోతుంది, తెల్లవారుజామున మరీ కనిష్ఠం. కాబట్టి ఏరేటర్లు (నీళ్లకు గాలి అందించే యంత్రాలు) తిప్పేది రాత్రంతా. సూర్యుడు లేనప్పుడే మాకు కరెంటు ప్రాణం. గోదావరి డెల్టాలో ఇన్ని చెరువులు రాత్రి ఏరేటర్లు వేస్తే సాయంత్రం డిమాండు ఎక్కక ఏం చేస్తుంది. మాకు సబ్సిడీ రేటు కాబట్టి మార్కెట్ సెగ నేరుగా తగలదు. డిస్కం ఖరీదుగా కొన్నది తర్వాత సర్దుబాటు ఛార్జీలుగా అందరి బిల్లులోకీ వస్తుంది.

కరెంటోడు_రిటైర్డ్
సరిగ్గా చెప్పారు. ఫ్యూచర్స్ నిజంగా వాడాల్సింది డిస్కంలే. దేశంలో ఎక్స్ఛేంజీల ద్వారా అమ్ముడయ్యే కరెంటు మొత్తం ఉత్పత్తిలో పది శాతం లోపే, అందులో పెద్ద కొనుగోలుదారులు డిస్కంలే. ఏప్రిల్ లోటు జనవరిలోనే తెలిసినా చివరి నిమిషంలో కొంటారు. నష్టం వచ్చిన హెడ్జింగ్‌కు సంతకం పెట్టిన అధికారిని ఆడిట్‌లో నిలదీస్తారు. ఖరీదుగా కొన్నవాణ్ని ఎవరూ అడగరు. ఈ భయం పోయేలా నియంత్రణ మండళ్లు స్పష్టమైన నిబంధన రాయాలి. నేను సర్వీసులో ఉండగా ఈ మాట నోరారా అనలేకపోయాను.

ఇందూరు_పసుపు
ఐసు అన్నా, నాకొక ముచ్చట తడుతోంది. కరెంటును గోదాములో పెట్టలేం అన్నరు. మీ దగ్గరుంది కదా గోదాము! ఐసు అంటే గడ్డకట్టిన కరెంటే. మధ్యాహ్నం రెండు రూపాయలకు చేసి పెట్టుకోండి, రాత్రి వాడుకోండి.

భీమవరం_ఐసు
పసుపు అన్నా, రాత్రంతా ఇదే ఆలోచించాను. దిమ్మ ఐసుతో ఇబ్బంది ఉంది. ఉప్పునీళ్ల ట్యాంకులో డబ్బాలు దించితే గడ్డకట్టడానికి దాదాపు రోజంతా పడుతుంది, మధ్యలో ఆపితే సైకిల్ చెడుతుంది. ప్లేట్ ఫ్రీజర్లు కూడా జరపలేం. పట్టుబడి తెల్లవారుజామున అయితే సరుకు వచ్చాక ఆగడానికి వీల్లేదు, రొయ్య మన గడియారం చూడదు. కోల్డ్ స్టోరేజీ గదుల్లో మాత్రం అవకాశం ఉందనిపిస్తోంది. సరుకు మైనస్ 18 కన్నా చల్లగా ఉంటే చాలు. మధ్యాహ్నం మైనస్ 24 దాకా దించి, సాయంత్రం కంప్రెసర్లు కొన్ని గంటలు ఆపితే?

కరెంటోడు_రిటైర్డ్
చేయండి. గది ఉష్ణోగ్రత కాదు, సరుకు నడిమి ఉష్ణోగ్రత చూడండి. తలుపులు తెరవకుండా చూడండి.

అనంత_గాలిమర
కర్నూలు వైపు పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ చేసేదీ ఇదే పని. పగలు నీళ్లు పైకి ఎక్కించి సాయంత్రం కిందికి వదలడం. శ్రీశైలం ఎడమగట్టు, నాగార్జునసాగర్‌లలో అలా తిప్పే యూనిట్లు ఎప్పటినుంచో ఉన్నాయి. ఇలాంటివి, బ్యాటరీలు పెరిగే కొద్దీ పగటికీ సాయంత్రానికీ తేడా తగ్గుతుంది. అప్పుడు నెల సగటు కాంట్రాక్టుకు కూడా విలువ పెరుగుతుంది.

భీమవరం_ఐసు
పన్నెండు రోజుల తర్వాత వస్తున్నాను. నాలుగు గదుల్లో రెండింటిలో ప్రయత్నించాం. సాయంత్రం నాలుగుకల్లా మైనస్ 24, ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా కంప్రెసర్లు బంద్. పదింటికి సరుకు నడిమి ఉష్ణోగ్రత మైనస్ 22 దాటలేదు. కంటెయినర్ లోడింగు ఉన్న రోజు మాత్రం గదిలో గాలి మైనస్ 17కు వచ్చేసింది, వెంటనే వేశాం. లోడింగు పొద్దునకు మార్చమని షిప్పింగు వాళ్లను అడుగుతున్నాను.

సాయంత్రం ఎక్స్ఛేంజీ నుంచి తీసుకునే యూనిట్లు ఐదో వంతు తగ్గాయండి. బ్రోకర్ మనిషికి ఇప్పుడే వద్దని చెప్పాను. మిగతా రెండు గదులు పాతవి, పఫ్ ప్యానెళ్లు (చలి బయటికి పోకుండా ఆపే గోడపలకలు) తడిసి ఉబ్బాయి, ముందు వాటిని మార్చాలి.

నాంపల్లి_కమోడిటీ
సంతోషం. నాకు కమిషన్ రాకపోయినా సరైన పని చేశారు. సాయంత్రం ఆరు నుంచి అర్ధరాత్రి దాకా మాత్రమే లెక్కగట్టే కాంట్రాక్టు తెమ్మని ఎక్స్ఛేంజీకి ఉత్తరం రాస్తున్నాను. వాడకందారుల తరఫున మీ మీటరు లెక్కలు జతచేయొచ్చా?

భీమవరం_ఐసు
తప్పకుండా. పావుగంట బ్లాకులవారీగా మూడు నెలలవి ఉన్నాయి, పంపుతాను. మా పక్క యూనిట్ల వాళ్లనూ అడుగుతాను.

డెల్టా_చెరువు
చెరువులవి కూడా కలపండి. మా ఫీడరు రాత్రి లోడు కాగితాలు నేను తెస్తాను.